గెలిచినవాడి కట్ట చూసి కట్టుకుంటే గెలుపు వస్తుందా?

కార్డుల ఆటలో కాపీ, సొంత తెలివి: ముప్పయ్యేళ్లుగా తెగని తగవు

(మా గ్రామీణ విలేఖరి)

బడి వదలగానే రచ్చబండ దగ్గర, గుడి అరుగు మీద పిల్లలు రంగురంగుల పోకెమాన్ కార్డులు పరుచుకుని కూర్చోవడం ఈ మధ్య మన పల్లెల్లోనూ కనబడుతోంది. జాతరల్లో, బొమ్మల కొట్లలో దొరికే ఈ కార్డులను పిల్లలు మార్చుకుంటారు, లెక్కపెట్టుకుంటారు, నీదా నాదా అని పోట్లాడుకుంటారు. టీవీలో తెలుగులో కూడా వచ్చిన బొమ్మల కథలే వాటికి మూలం. అయితే ఈ కార్డులతో ఆడే అసలు ఆట వేరే వున్నదని, దానికి దేశదేశాల మధ్య పోటీలు జరుగుతాయని మన ఊళ్లలో తెలిసినవారు తక్కువ. ఆ పోటీల్లో ముప్పయ్యేళ్లుగా ఒక తగవు నడుస్తున్నదని తెలిసినవారు మరీ తక్కువ.

ఆ తగవు ఇది. కిందటి పోటీలో గెలిచినవాడు ఏ కార్డులతో గెలిచాడో చూసి, సరిగ్గా అవే కార్డులు సంపాదించి, అదే కట్టతో తానూ పోటీకి దిగడం ఒప్పా, తప్పా? అది తెలివా, తెలివి లేకపోవడమా?

పొరుగువాడి చేలో మిరప పండి, మంచి ధర పలికిందని మరుసటి ఏడు ఊరంతా మిరప వేస్తే ఏమవుతుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అలాగని పొరుగువాడి సేద్యం చూసి నేర్చుకోని రైతూ లేడు. కార్డుల ఆటలో నడుస్తున్న తగవు కూడా ఈ రెండు నిజాల మధ్యే తిరుగుతోంది. అందుకే మనకు దూరపు ఆట అయినా ఆ కథ తెలుసుకోదగినది.

ఏమిటీ ఆట?

మనం ఎరిగిన పేకలో 52 ముక్కలు. నలుగురు కూర్చుంటే నలుగురికీ ఒకే చోటి నుంచి పంచుతారు. ఈ ఆటలో అలా కాదు. ఎడ్ల పందేనికి ఎవరి ఎడ్లను వారు మేపి తెచ్చుకున్నట్లు, ఎవరి కట్టను వారు ఇంటి దగ్గర తయారు చేసుకుని తెచ్చుకోవాలి. నా కట్టలో వున్న కార్డు నీ కట్టలో వుండాలని లేదు.

ఈ తరహా ఆటల్లో మొదటిదిగా పేరు పొందిన 'మేజిక్: ది గేదరింగ్' అమెరికాలో 1993 ఆగస్టులో వెలువడింది. దాన్ని రూపొందించినవాడు గణితం చదువుకున్న రిచర్డ్ గార్ఫీల్డ్. సంచిలో వేసుకుపోవడానికి వీలుగా వుండి, త్వరగా ముగిసే ఆట ఒకటి కావాలని పీటర్ ఆడ్కిసన్ అనే చిన్న కంపెనీ యజమాని అడిగితే గార్ఫీల్డ్ ఈ ఆటను తయారు చేశాడు. తర్వాత 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డుల ఆట వచ్చింది. 1999లో అక్కడే యు-గి-ఓ కార్డులు వచ్చాయి. ముఖ్యమైన పద్ధతి అన్నిటికీ ఒకటే.

మేజిక్‌లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి మొదట 20 పాయింట్ల ఆయుష్షు. వంతు వచ్చినప్పుడు ఒక నేల కార్డు బల్ల మీద పెట్టవచ్చు. ఆ నేల నుంచి శక్తి వస్తుంది. ఆ శక్తిని ఖర్చు పెట్టి సైనికులనో, మంత్రాలనో ప్రయోగించి ఎదుటివాడి ఆయుష్షును సున్నాకు తేవాలి. చిన్న సైనికుడికి ఖర్చు తక్కువ, పెద్ద భూతానికి ఖర్చు ఎక్కువ. పోటీకి తెచ్చే కట్టలో కనీసం 60 కార్డులు వుండాలి. మామూలు నేల కార్డులు తప్ప ఏ కార్డూ నాలుగుకు మించి పెట్టకూడదు.

ఇప్పటికి ఈ ఆటలో 25 వేలకు పైగా వేరు వేరు కార్డులు అచ్చయ్యాయి. వాటిలో నుంచి అరవై ఏరుకోవడమంటే మాటలు కాదు. సగం ఆట బల్ల దగ్గర జరిగితే, సగం ఆట ఇంట్లో కట్ట కట్టేటప్పుడే జరిగిపోతుంది. తగవు పుట్టింది ఆ రెండో సగంలోనే.

ఊరికొక కట్ట వుండే రోజులు

ఆట బయటికి వచ్చిన తొలి రోజుల్లో ఒక్కొక్కరు కొద్ది ప్యాకెట్లు మాత్రమే కొంటారని తయారీదారులు అనుకున్నారు. ప్యాకెట్ లోపల ఏ కార్డు వున్నదో విప్పితే గాని తెలియదు. కాబట్టి ఎవరికి దొరికిన కార్డులతో వారు ఆడతారు, మిగిలినవి స్నేహితులతో మార్చుకుంటారు, ఏ ఇద్దరి కట్టలూ ఒకటిగా వుండవు అని వారి అంచనా. అప్పటి నియమాలు కూడా అంత పట్టుగా లేవు. ఒకే కార్డును ఎన్నైనా పెట్టుకోవచ్చు. బలమైన కార్డును పదేసి, ఇరవయ్యేసి పెట్టడం మొదలయ్యేసరికి 1994లో పోటీలకు నాలుగు కార్డుల హద్దు వచ్చింది.

అంచనా తప్పింది. జనం పెట్టెల కొద్దీ కొన్నారు. ఒక ఊరి ఆటగాళ్లకు మరో ఊరి కట్టల సంగతి కంప్యూటర్ల ద్వారా తెలియసాగింది. కాలిఫోర్నియాకు చెందిన బ్రయన్ వైస్‌మన్ కట్టిన కట్ట ఆ విధంగా ఊరూరా పాకింది. దానికి 'ది డెక్' అన్న పేరు స్థిరపడింది. అంటే కట్ట అంటే అదే అన్నమాట. తొందరపడి దాడి చేయకుండా, ఎదుటివాడు వేసిన ప్రతి ముక్కకూ విరుగుడు వేస్తూ, అతని చేతిలో ముక్కలు అయిపోయాక నింపాదిగా గెలవడం దాని పద్ధతి. చేతిలో ఎదుటివాడికన్నా ఒక్క ముక్క ఎక్కువ మిగిలినా అది బలమే అన్న సూత్రం ఈ కట్ట వల్లే చాలామందికి తెలిసింది.

1996లో డబ్బు బహుమతులతో 'ప్రో టూర్' పోటీలు మొదలయ్యాయి. గెలిచినవారి కట్టల్లో ఏయే కార్డులు ఎన్నెన్ని వున్నాయో జాబితాలు వెల్లడి కాసాగాయి. అంతటితో ఆగలేదు. పెద్ద పోటీల్లో పేరు తెచ్చుకున్న కట్టలను కంపెనీయే అచ్చు వేసి 1996 నుంచి 2004 వరకు ఏటా అమ్మింది. అంచుకు బంగారు రంగు, వెనుక వేరే బొమ్మ వుండే ఆ కార్డులతో ఇంట్లో ఆడుకోవచ్చు గాని పోటీలోకి తేకూడదు. 2004 నుంచి పోకెమాన్ కంపెనీ కూడా ప్రపంచ పోటీ ఆటగాళ్ల కట్టలను, వారి సంతకాలు అచ్చు వేసి, ఇదే షరతుతో అమ్ముతూ వచ్చింది. గెలిచిన కట్టను చూడు, ఆడి నేర్చుకో, పోటీకి మాత్రం నీ కార్డులతో రా అని కంపెనీలు చెప్పకనే చెప్పాయి.

కాపీలో తప్పేముంది?

కాపీ చేసేవారి వాదనను కొట్టిపారేయడానికి వీలు లేదు. ఒక కట్ట గెలిచిందంటే దాని వెనుక పదిమంది స్నేహితులు రాత్రులు కూర్చుని వందలసార్లు ఆడి చూసిన శ్రమ వుంటుంది. ఉద్యోగమో, చదువో వున్నవాడికి అంత తీరిక ఎక్కడిది? ఆ శ్రమ ఫలం అందరికీ తెలిసేటట్లు ప్రకటించినప్పుడు దాన్ని వాడుకోవడం దొంగతనం ఎలా అవుతుంది?

చదరంగాన్ని చూడండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ మహిళల రాపిడ్ చదరంగం చాంపియన్ అయింది. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ల సరసన చేరాడు. వీరంతా ఆట మొదట్లో వేసే ఎత్తులు చాలా వరకు ఇతరులు ఎన్నడో ఆడి, పుస్తకాల్లోకి ఎక్కించినవే. 16వ శతాబ్దపు స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ పేరు మీద వున్న ఆరంభపు ఎత్తులను నేటికీ ఆడుతున్నారు. కాపీ కొట్టారని వారిని ఎవరూ అనరు. ఎందుచేతనంటే ఆ ఎత్తులు అయిపోయిన చోటే అసలు ఆట మొదలవుతుంది.

కార్డుల్లోనూ అంతే. ఒకే కట్టను ఇద్దరికి ఇస్తే ఒకడు గెలుస్తాడు, మరొకడు ఓడిపోతాడు. ఏ ముక్క ఎప్పుడు వేయాలి, ఏది దాచుకోవాలి, ఎదుటివాడి చేతిలో ఏమి వుండవచ్చు అన్నది జాబితాలో రాసి వుండదు. పిల్లవాడు మొదట గురువు రాసిన అక్షరం మీదే పలక దిద్దుతాడు. దిద్దకుండా రాయడం వచ్చినవాడు లేడు.

పనికిరాని ముక్కలతో పేరు

సొంత తెలివి పక్షం వారు చూపించే ఉదాహరణ 1996 నాటిది. అమెరికాలోని అట్లాంటాలో ప్రో టూర్‌కు అర్హత పోటీ జరిగింది. అందులో పాల్ స్లై అనే ఆటగాడు ఒక ఎర్ర కట్టతో దిగి రెండో స్థానం సంపాదించాడు. ఆ కట్టను చూసినవారికి నవ్వు వచ్చింది. అందులో 'ఐరన్‌క్లా ఓర్క్స్' వంటి ముక్కలు వున్నాయి. ప్యాకెట్‌లో వస్తే పిల్లలు కూడా పక్కన పడేసే రకం అది.

రహస్యం ముక్కల్లో లేదు, వాటి ఖర్చుల లెక్కలో వుంది. మొదటి వంతులో ఒక్క నేల, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు. ఏ వంతులో ఎంత శక్తి వస్తుందో అంతా ఆ వంతులోనే ఖర్చయ్యేటట్లు ముక్కలను ఏర్చారు. కాలువ నీటి వంతు వచ్చినప్పుడు ఒక్క చుక్క వృథా కాకుండా మడి మడికీ తిప్పుకునే రైతు లెక్క అది. మిగిలినవారు గొప్ప గొప్ప భూతాలను చేతిలో పట్టుకుని, వాటికి సరిపడా శక్తి ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తుంటే, ఈ కట్ట మొదటి వంతు నుంచే కొట్టడం మొదలుపెట్టింది.

ఇందులో మరో విశేషం వుంది. ఆ కట్టను ఆలోచించి కట్టినవాడు పాల్ స్లై కాదు. జే ష్నైడర్ అనే మరొకడు. అయినా ఈనాటికీ ఆ తరహా కట్టలను 'స్లై' అనే పిలుస్తారు. ఆలోచన ఒకరిది, ఆడినది మరొకరు, పేరు ఆడినవాడికి వచ్చింది. సొంతం, కాపీ అని రెండు గీతలు గీసి అటు ఒకరిని, ఇటు ఒకరిని నిలబెట్టడం అంత తేలిక కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. స్లై ఆ కట్టను గుడ్డిగా పట్టుకుపోలేదు. నలుగురూ నవ్వే ముక్కల్లో బలం వున్నదని నమ్మి, ఆ బలం బయటికి వచ్చేటట్లు ఆడాడు.

ఊరంతా ఒకే పంట వేసినప్పుడు

ఇక రెండో వైపు చూద్దాం. 2011 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన ప్రో టూర్‌లో బెన్ స్టార్క్ 'కా-బ్లేడ్' అనే కట్టతో గెలిచాడు. చక్కని కట్ట. గెలిచిన మరునాటి నుంచి అందరి చూపూ దాని మీదే. నెలలు గడిచేకొద్దీ పెద్ద పోటీల్లో ఎటు చూసినా అదే కట్ట, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి చేతుల్లోనూ అదే కట్ట. దాన్ని ఓడించడానికి వేరే కట్ట కట్టినవారు కూడా నిలవలేకపోయారు.

ఆ కట్టకు ప్రాణం వంటి 'జేస్' అనే కార్డు ఒక్కటే ఆ రోజుల్లో 100 డాలర్ల వరకు పలికింది. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో సుమారు 4,500 రూపాయలు. అటువంటివి నాలుగు కావాలి. అంటే నాలుగు కాగితపు ముక్కలకు 18 వేల రూపాయలు. కాపీ చేయడం తేలిక అంటారు గాని, డబ్బున్నవాడికే అది తేలిక. పేద కుర్రవాడికి కాపీ చేసే వీలు కూడా లేదు, సొంతంగా కట్టినది గెలిచే వీలూ లేదు. అటువంటప్పుడు అతను ఏమి చేస్తాడు? పోటీకి రావడం మానేస్తాడు. జరిగినదీ అదే. పోటీలకు వచ్చేవారు తగ్గిపోతున్నారని గమనించిన కంపెనీ 2011 జూన్‌లో జేస్‌ను, 'స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్' అనే మరో కార్డును 'స్టాండర్డ్' పోటీల నుంచి నిషేధించింది.

ఆ నిషేధంలో ఒక తమాషా మినహాయింపు వుంది. స్టోన్‌ఫోర్జ్ కార్డులు రెండు వున్న తయారు కట్ట ఒకటి అప్పటికే దుకాణాల్లో అమ్మకానికి వుంది. కొన్నవారికి నష్టం కలగకూడదని, ఆ కట్టను ఒక్క ముక్క కూడా మార్చకుండా తెచ్చినవారు దానితో ఆడవచ్చు అన్నారు. ఒక్క ముక్క సొంతంగా మార్చినా నిషేధం వర్తిస్తుంది. సొంత తెలివి వాడితే చెల్లదు, ఉన్నది ఉన్నట్లు దించితేనే చెల్లుతుంది! ఇటువంటి నియమం మరే ఆటలోనైనా వుంటుందా అని ఆటగాళ్లు నవ్వుకున్నారు.

ఆ తర్వాతా ఇటువంటివి జరిగాయి. 2019 అక్టోబరులో విడుదలైన 'ఓకో' అనే కార్డు కొద్ది వారాల్లోనే అందరి కట్టల్లోకి ఎక్కి, నవంబరులోనే నిషేధానికి గురయింది. అంతకు ముందు 2017లో, కంప్యూటర్ మీద ఆడే మేజిక్ పోటీల్లో గెలిచిన కట్టల జాబితాలను రోజూ ప్రకటించే కంపెనీ ఆ సంఖ్యను తగ్గించింది. ఏది మంచి కట్టో అందరికీ మరీ త్వరగా తెలిసిపోతే ఆటలో రుచి పోతున్నదన్నది వారి బాధ. అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరని మన పెద్దలు ఊరికే అన్నారా?

ఒక్కొక్కరు చేసే కాపీలో తప్పు లేకపోవచ్చు. అందరూ కలిసి చేసే కాపీ ఆటనే తినేస్తుంది. ఇదే ఈ తగవులో ముడి.

అందరి బలమూ ఒక్కచోట వుంటే

ఊరంతా ఒకే పంట వేసినప్పుడు, ఆ పంటను తినే పురుగుకే పండుగ. ఈ మాట కార్డులకూ వర్తిస్తుందని 2024 ఆగస్టులో హవాయి దీవుల్లోని హోనలూలులో జరిగిన పోకెమాన్ ప్రపంచ పోటీ చూపించింది.

పోకెమాన్ కార్డుల మీద బొమ్మతో పాటు కొన్నిటికి ప్రత్యేక శక్తులు రాసి వుంటాయి. ఆ ఏడాది పేరున్న కట్టల్లో చాలా వాటికి ఆ శక్తులే ఆధారం. ఒకరిని చూసి ఒకరు కట్టుకున్న కట్టలు కాబట్టి అందరి బలమూ ఒకే చోట వుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుంచి వచ్చిన ఫెర్నాండో సిఫ్యుయెంటెస్ అనే 18 ఏళ్ల కుర్రవాడు 'ఐరన్ థార్న్స్' అనే కార్డు చుట్టూ కట్టిన కట్టతో వచ్చాడు. ఎక్కువ మంది ఎంచుకోని కట్ట అది. ఆ కార్డు ముందు వరుసలో నిలబడి వున్నంత సేపు ఎదుటివాడి పెద్ద కార్డుల ప్రత్యేక శక్తులు చాలా వరకు పనిచేయవు. ఊరి కరెంటు తీసేస్తే అందరి మోటార్లూ ఒకేసారి ఆగిపోయినట్లు, శక్తుల మీద ఆధారపడిన కట్టలు అతని ముందు చతికిలబడ్డాయి.

సెమీఫైనల్లో అతని ప్రత్యర్థిని అనుచిత ప్రవర్తన కారణంగా నిర్వాహకులు పోటీ నుంచి తొలగించారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ తరువాత ఫైనల్లో జపాన్ ఆటగాణ్ని సిఫ్యుయెంటెస్ ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. తిరిగి వెళ్లాక చిలీ దేశాధ్యక్షుడు అతణ్ని తన భవనానికి పిలిచి అభినందించాడు.

ఐరన్ థార్న్స్ కార్డు అతనొక్కడి దగ్గరే లేదు. ఎవరైనా కొనుక్కోగలిగినదే. ఆ కార్డు ఏమి చేస్తుందో అందరికీ తెలుసు. పదిమంది ఏ కట్టలు తెస్తారో ముందుగా లెక్క వేసుకుని, వాటికి విరుగుడుగా పనికివచ్చేది ఏదని ఆలోచించడంలోనే వుంది తెలివి. గెలిచిన కట్ట నిన్నటి ప్రశ్నకు జవాబు. ఇవాళ్టి పరీక్షలో ప్రశ్న మారితే నిన్నటి జవాబు ఎంత బాగా దించినా మార్కులు పడవు.

కాపీ కుదరకుండా చేస్తే?

కాపీకి వీలే లేని ఆట తయారు చేస్తే సరిపోదా అని కొందరికి తోచవచ్చు. ఆ ప్రయత్నాలూ జరిగాయి. మేజిక్‌లోనే 'డ్రాఫ్ట్' అనే పద్ధతి వుంది. సాధారణంగా ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుంటారు. తలా ఒక ప్యాకెట్ విప్పి, అందులో ఒక్క ముక్క తీసుకుని, మిగిలినవి పక్కవాడికి అందిస్తారు. అలా మూడు ప్యాకెట్లు తిరిగాక, చేతికి వచ్చిన వాటితోనే అక్కడికక్కడ కట్ట కట్టి ఆడాలి. ఇంటి దగ్గర నుంచి జాబితా దించుకురావడం ఇక్కడ చెల్లదు.

రిచర్డ్ గార్ఫీల్డే 2018లో మరో అడుగు ముందుకు వేశాడు. అతను రూపొందించగా వెలువడిన 'కీఫోర్జ్' ఆటలో ప్రతి కట్టనూ కంప్యూటర్ లెక్క కట్టి తయారు చేస్తుంది. ప్రపంచంలో ఏ రెండు కట్టలూ ఒకటి కావు. కట్టకు దాని పేరు దానికే వుంటుంది. కొన్నవాడు అందులో ఒక్క ముక్క మార్చకూడదు. చదరంగంలో బాబీ ఫిషర్ 1996లో చేసినదీ ఇటువంటిదే. వెనుక వరుసలోని పావులను ప్రతిసారీ కలగాపులగంగా పేర్చి ఆడాలని, అప్పుడు పుస్తకాల్లోని ఎత్తులు బట్టీ పట్టి లాభం వుండదని అతను కొత్త పద్ధతి ప్రకటించాడు.

కీఫోర్జ్‌తో కాపీ పోయింది గాని కష్టం పోలేదు. మంచి కట్ట తగిలేదాకా కొంటూ పోయేవారు వచ్చారు. బలమైన కట్టను ఎక్కువ ధరకు అమ్ముకునేవారు బయలుదేరారు. 2021లో కట్టలు తయారు చేసే ఆ కంప్యూటర్ లెక్కే చెడిపోయిందని చెప్పి అప్పటి కంపెనీ ఆటను ఆపివేసింది. మరుసటి ఏడాది వేరే కంపెనీ దాన్ని కొని తిరిగి నడిపింది. పైగా, కాపీ కుదరని ఆ ఆటలో కట్ట కట్టుకునే ఆనందం కూడా లేదు. కాపీని పూర్తిగా తుడిచిపెట్టబోతే సొంత తెలివికీ చోటు లేకుండా పోయింది.

మన పిల్లల సంగతి

పెద్దలకు కార్డులంటే జూదమన్న భయం వుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. మేజిక్ తొలి నియమాల్లో ఆటకు ముందు చెరో కార్డు పందెం కాసి, గెలిచినవాడు రెండూ తీసుకునే పద్ధతి వుండేది. దాన్ని పోటీల నుంచి తొలగించారు. కనుక మన పిల్లలు కార్డులు పందెం కాసి ఆడుతుంటే వద్దని చెప్పడం మంచిది. జాతరల్లో చౌకగా దొరికే మెరుపు కార్డుల్లో నకిలీవి చాలా వుంటాయి. వాటితో ఇంట్లో ఆడుకోవచ్చు గాని, అరుదైనవని నమ్మి డబ్బు పోయడం దండగ. పోటీల్లో వాటిని రానివ్వరు.

ఇక అసలు విషయం. ఇంటికి పది కార్డులు వున్న పిల్లలు పట్నం పిల్లలను చూసి ఖరీదైన కార్డు కావాలని మారాం చేస్తే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథ చెప్పి వూరుకోవడం చాలదు. ఆడే పద్ధతి మార్చి చూపించవచ్చు. నలుగురు పిల్లల కార్డులన్నీ ఒకచోట కలిపి, డ్రాఫ్ట్‌లో లాగా ఒక్కొక్కటి ఏరుకుని, వచ్చిన వాటితోనే కట్ట కట్టమంటే ఖర్చు పెరగదు, పోట్లాటా వుండదు. వున్నవాడి కట్ట, లేనివాడి కట్ట అన్న తేడా పోతుంది.

కొంచెం పెద్ద పిల్లలు గెలిచినవారి కట్టను ఫోన్‌లో చూసి దించుకుంటే కసరనక్కరలేదు. అయితే ఒక్కొక్క ముక్క మీద వేలు పెట్టి, 'ఇది ఎందుకు వుంది? ఇది తీసేస్తే ఏమవుతుంది? మన దగ్గర లేకపోతే దీని పని ఇంకేది చేస్తుంది?' అని అడగాలి. మూడింటికీ జవాబు చెప్పగలిగినవాడు ఇక దించుకున్నట్లు కాదు, నేర్చుకున్నట్లే. చెప్పలేనివాడు అరవై కార్డులూ సొంతంగా ఏరుకున్నా గుడ్డివాటమే.

ఎంట్రన్స్ పరీక్షకు గైడు బట్టీ పట్టే విద్యార్థికి, దుకాణందారు ఇచ్చిన మందే పొరుగువాడు కొట్టాడని తానూ కొట్టే రైతుకు, పక్క వీధిలో టిఫిన్ బండి బాగా నడుస్తోందని అదే వీధిలో రెండో బండి పెట్టే యువకునికి కూడా ఈ మూడు ప్రశ్నలే వర్తిస్తాయి. ఒకరిని చూసి నేర్చుకోవడం మన పల్లెల్లో ఏనాడూ సిగ్గు కాదు. నాగలి పట్టడం, నేత నేయడం, డప్పు కొట్టడం అన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. కాని చూసినదాన్ని మన మడికి, మన మట్టికి తగినట్లు మార్చుకున్నవాడే నిలిచాడు. కార్డుల ఆటలో ముప్పయ్యేళ్లుగా గెలిచినవారి జాబితా కూడా ఆ సంగతే చెబుతోంది.